పాత డీలక్స్ రివర్బ్ పక్కన ఏ యాంప్ నిలబడుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ దగ్గర 1966లో తయారైన ఫెండర్ డీలక్స్ రివర్బ్ అనే గిటారు యాంప్ (గిటారు ధ్వనిని పెంచే యాంప్లిఫయర్) ఉంది. అమెరికాలో ఉన్న మీ బాబాయి గారు ఏళ్ల తరబడి వాడి మీకు ఇచ్చారు. మీరు సికింద్రాబాద్‌లో ఉంటూ వారాంతాల్లో చిన్న వేదికల మీద బ్లూస్, పాత రాక్ వాయిస్తారు, ఆదివారం చర్చిలో వాయిస్తారు. దానికి తోడుగా రెండో యాంప్ కావాలి. మీ మనసు అదే ఫెండర్ వారి పెద్ద యాంప్ ట్విన్ రివర్బ్ మీద ఉంది, మిత్రులేమో మార్షల్ కొనమంటున్నారు.

జవాబు ముందే చెబుతాను. ట్విన్ రివర్బ్ వద్దు. ఇఎల్84 వాల్వులతో (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి) నడిచే 15 వాట్ల యాంప్, అంటే వాక్స్ ఏసీ15 తరహాది తీసుకోండి. అయితే మీరు దాచిన డబ్బులో మొదటి వాటా కొత్త యాంప్‌కు కాదు, ఇప్పటికే ఇంట్లో ఉన్న దానికి వెళ్లాలి. ఎందుకో కింద రాస్తాను. దయచేసి ఆ భాగాన్ని దాటవేయకండి.

నేను ఇరవై ఆరేళ్లుగా గిటారు వాయిస్తున్నాను, పందొమ్మిదేళ్లుగా వాల్వు యాంప్‌లు బాగుచేస్తున్నాను. "రెండోది ఏది కొనమంటారు?" అని అడిగే ప్రతి ఒక్కరినీ ముందు ఒకటే అడుగుతాను: మీ మొదటి యాంప్ ఏ చోట చేతులెత్తేస్తుంది? చాలామంది దీనికి జవాబు చెప్పలేరు. ఎందుకంటే ఇష్టమైన వస్తువులో లోటు వెతకాలని ఎవరికీ అనిపించదు. కానీ రెండో యాంప్ ఎంపిక మొత్తం ఆ లోటు మీదే ఆధారపడి ఉంటుంది.

డీలక్స్ రివర్బ్ విషయంలో ఆ లోటు చాలా స్పష్టం. రెండు 6వి6 వాల్వులు, ఒక పన్నెండు అంగుళాల స్పీకర్, 22 వాట్లు. నాబ్‌ల వరుస చూడండి: బాస్ (మంద్రం) ఉంది, ట్రెబుల్ (తారం) ఉంది, మిడ్ (మధ్య స్థాయి) లేదు. మిడ్ నాబ్ ఉండవలసిన చోట లోపల ఒక స్థిరమైన రెసిస్టర్ పెట్టి వదిలేశారు. ఆ కాలపు ఫెండర్ సర్క్యూట్ స్వభావమే మధ్య స్థాయిని పల్చగా చేసి, మంద్రాన్నీ తారాన్నీ పైకి తేవడం. గదిలో ఒంటరిగా వాయించుకుంటే గంట మోగినట్టు హాయిగా ఉండేది అందుకే. అదే యాంప్ డ్రమ్స్, బాస్ గిటారు, కీబోర్డు మధ్యకు వెళ్లేసరికి మీ సోలో ఎక్కడికో జారిపోతుంది. వాల్యూమ్ ఆరు దాటిస్తే కింది తీగల ధ్వని బిగువు కోల్పోయి వదులుగా, బురదగా మారుతుంది. ఇది పాడైపోయిన యాంప్ లక్షణం కాదు, దాని పుట్టుక లక్షణం.

ఇప్పుడు ట్విన్ సంగతి. అందులో మిడ్ నాబ్ ఉంది, ఒప్పుకుంటాను. కానీ గొంతు అదే కుటుంబానిది. అరవైల మధ్యలోని ట్విన్ 85 వాట్లది. 22 నుంచి 85కు వెళ్తే పెరిగేది దాదాపు 6 డెసిబెల్స్ మాత్రమే. ధ్వని రెట్టింపు అయిందని చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే నాలుగింతల వాట్లు కొని కూడా రెట్టింపు ధ్వని పొందరు. పొందేది ఎంత పెంచినా చీలని (గరగరగా మారని) శుభ్రమైన ధ్వని, ముప్పై కిలోల దగ్గర బరువు. నేను 2003లో సరిగ్గా ఇదే చేశాను. 1974 నాటి డీలక్స్ రివర్బ్ పక్కన ట్విన్ పెట్టుకున్నాను. రెండూ కలిపి వాయిస్తే ఒకే మనిషి రెండుసార్లు మాట్లాడినట్టు ఉండేది. ఎనిమిది నెలల తర్వాత దాన్ని ఒక పెడల్ స్టీల్ గిటారు కళాకారుడికి ఇచ్చేశాను. ఆయనకు అది నిజంగా సరిపోయింది, ఎందుకంటే ఆయనకు ధ్వని చీలకుండా ఉండటమే కావాలి.

మన కచేరీలో మృదంగం పక్కన ఘటాన్ని కూర్చోబెడతారు కదా. రెండో మృదంగాన్ని పెడితే ధ్వని పెరుగుతుంది, అంతే. ఘటం వేరే చోట పలుకుతుంది కాబట్టి రెండూ విడివిడిగా వినబడతాయి. యాంప్‌ల జతకూ ఇదే వర్తిస్తుంది.

ఏసీ15 ఎందుకు? వాక్స్ దీన్ని మొదట 1958లో ఇంగ్లండ్‌లో తెచ్చింది. తర్వాత వచ్చిన ఏసీ30కి ఇది అన్న. దీని పవర్ విభాగంలో రెండు ఇఎల్84లు ఉంటాయి. ఇఎల్84 మనకు కొత్త వాల్వు కాదు. మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్న పెద్ద రేడియోల్లో చాలావాటిలో స్పీకర్‌ను నడిపింది ఇదే. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా దీన్ని తయారుచేసింది. ఆ వాల్వుల పెట్టెలు కొన్ని ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి, మంచి వాల్వులు.

అసలు తేడా వాల్వులో కన్నా దాని చుట్టూ ఉన్న సర్క్యూట్‌లో ఉంది. మీ డీలక్స్‌లో స్పీకర్‌కు వెళ్లే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి పవర్ విభాగం మొదట్లో వ్యతిరేక దిశలో కలుపుతారు. దీన్ని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటారు. దానివల్ల ధ్వని ఒక హద్దు వరకు శుభ్రంగా, బిగువుగా ఉంటుంది. హద్దు దాటగానే ఒక్కసారిగా చీలుతుంది. వాక్స్‌లో ఆ ఏర్పాటు లేదు. అందుకే అది మెల్లగా, అంచెలంచెలుగా చీలుతుంది. మెత్తగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరగరగా పలుకుతుంది. మీ కుడిచేయి ఏమి చేస్తోందో యాంప్ వెంటనే చెబుతుంది. బ్లూస్ వాయించే మీకు ఇది ఎంత విలువైనదో వివరించనక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఏసీ15లోని టాప్ బూస్ట్ అనే చానల్‌లో బాస్, ట్రెబుల్ రెండూ బాగా పెంచితే అక్కడ కూడా మిడ్ పడిపోతుంది. అప్పుడు ఫెండర్‌కు మరో ఫెండర్‌ను చేర్చినట్టే అవుతుంది. చాలామంది దుకాణంలో రెండు నాబ్‌లూ సగం పైకి తిప్పి విని, "పెద్ద తేడా లేదే" అని వెళ్లిపోతారు. రెండింటినీ తగ్గించండి, బాస్‌ను బాగా కిందికి దించండి. అప్పుడు మధ్య స్థాయి ముందుకు వచ్చి నిలబడుతుంది. కట్ అనే నాబ్ మాత్రం తిరగేసి పనిచేస్తుంది: పెంచే కొద్దీ పదును తగ్గుతుంది.

"15 వాట్లు 22 వాట్ల పక్కన తేలిపోదా?" అని మీరు అడగబోతున్నారు. తేలిపోదు. ఆ రెండింటి మధ్య తేడా 2 డెసిబెల్స్ కూడా లేదు. స్పీకర్ సున్నితత్వంలోని తేడా దాన్ని సులువుగా పూడ్చేస్తుంది. సెలెస్టియన్ అల్నికో బ్లూ స్పీకర్ ఒక వాట్‌కు ఒక మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఇస్తుంది. సాధారణ పన్నెండు అంగుళాల స్పీకర్లు చాలావరకు అంతకన్నా రెండు మూడు డెసిబెల్స్ తక్కువే ఇస్తాయి. ఏసీ15 అదే సెలెస్టియన్ వారి గ్రీన్‌బ్యాక్ స్పీకర్‌తోనూ వచ్చింది, బ్లూతోనూ వచ్చింది. బ్లూ ఖరీదు ఎక్కువ. మీ వేదికలకు గ్రీన్‌బ్యాక్ చాలు, పైగా డీలక్స్‌లోని మెరుపు పక్కన దాని కాస్త గరుకైన గొంతు బాగా అతుకుతుంది.

మార్షల్ గురించి మీ మిత్రులు చెప్పిన మాటలో తప్పు లేదు. జిమ్ మార్షల్ లండన్ హాన్వెల్ దుకాణంలో 1962లో మొదలైన జేటీఎం45, ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్ ఆధారంగానే కట్టినది. ఆ తరహా గొంతు డీలక్స్ పక్కన చక్కగా ఉంటుంది. నేను మీకు దాన్ని ముందు చెప్పకపోవడానికి కారణం ధ్వని తీవ్రత. ఆ జాతి యాంప్ అందంగా పలకాలంటే బాగా పెంచాలి. అరవై మంది కూర్చునే కఫేలో మీరు దాని వాల్యూమ్‌ను రెండు దాటించలేరు. మీరు వాయించేది ప్రధానంగా డెబ్బైల నాటి రాక్ అయితే చెప్పండి, అప్పుడు 5 వాట్లకు తగ్గించుకునే వీలున్న మార్షల్ ఎస్‌వీ20 గురించి మాట్లాడుకుందాం.

చర్చి సంగతి వేరు. అక్కడ మీకు చీలని ధ్వనే కావాలి, పక్కన కీబోర్డు, గాయక బృందం ఉంటాయి. గుంటూరులో నాకు తెలిసిన ఒక గిటారిస్టు పాత ఫెండర్ పక్కన రోలాండ్ జేసీ తరహా ట్రాన్సిస్టర్ యాంప్ పెట్టుకున్నాడు. 1975 నుంచి వస్తున్న జేసీ-120లోని స్టీరియో కోరస్ ఆరాధన పాటలకు అద్భుతంగా ఒదుగుతుంది, వాల్వులు మార్చే బాధ లేదు. మీ వాయింపులో సగానికి పైగా చర్చిలోనే జరుగుతుంటే నా సలహా మారుతుంది: ఏసీ15 బదులు చిన్న జేసీ-40 చూడండి. మీ ప్రశ్న చదివితే మీ ప్రాణం బ్లూస్‌లో ఉందని అనిపించింది కాబట్టే వాక్స్ అన్నాను.

డిజిటల్ యాంప్‌లను నేను తక్కువ చేసి మాట్లాడను. ఒకదాని తర్వాత ఒకటి వాడుకుంటానంటే అవి మంచి తోడే. కానీ రెండు యాంప్‌లూ ఒకేసారి మోగాలంటే డిజిటల్ వద్దు. సంకేతాన్ని అంకెల్లోకి మార్చి మళ్లీ వెనక్కి తేవడానికి వాటికి కొంత సమయం పడుతుంది. ఒంటరిగా వింటే ఆ ఆలస్యం తెలియదు. వాల్వు యాంప్‌తో కలిపితే రెండు ధ్వనులూ కొన్ని చోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లెక్క చెబుతాను: ఒక్క మిల్లీసెకను తేడా ఉన్నా 500 హెర్ట్జ్ దగ్గర ధ్వని రద్దవుతుంది. గిటారుకు ఆ చోటు గుండెకాయ. ఇదే కారణంగా రెండు యాంప్‌లనూ ఒకే గీత మీద పెట్టండి. ఒకటి 34 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే అదే ఒక మిల్లీసెకను.

దీనికన్నా పెద్ద చిక్కు ఫేజ్, అంటే రెండు యాంప్‌ల స్పీకర్లూ ఒకే దిశలో కదులుతున్నాయా లేదా అన్నది. విజయవాడ నుంచి ఒక యువకుడు ఫోను చేసి, "సార్, రెండు యాంప్‌లు విడివిడిగా బ్రహ్మాండంగా ఉన్నాయి, కలిపితే రేకు డబ్బాలా ఉంది, వాక్స్ పాడైపోయినట్టుంది" అన్నాడు. ఏదీ పాడవలేదు. మీ డీలక్స్‌లో కూడా ఈ విచిత్రం ఉంది: వైబ్రాటో చానల్‌లో సంకేతం నార్మల్ చానల్‌కన్నా ఒక వాల్వు దశ ఎక్కువ దాటుతుంది. ప్రతి దశలోనూ సంకేతం తలకిందులవుతుంది. అందుకని ఆ రెండు చానళ్లే ఒకదానికొకటి వ్యతిరేక ఫేజ్‌లో ఉంటాయి. ఒక యాంప్ స్పీకర్ ముందుకు వస్తుంటే రెండోదాని స్పీకర్ వెనక్కి వెళ్తే మంద్రం మాయమవుతుంది. పరీక్ష సులువు. రెండు యాంప్‌లనూ పక్కపక్కన పెట్టి, కింది ఇ తీగ మీటి వినండి. తర్వాత రెండూ ఆపి, ఒక్క యాంప్‌లో మాత్రం స్పీకర్‌కు వెళ్లే రెండు తీగలను అటూ ఇటూ మార్చి మళ్లీ వినండి. ఏ అమరికలో పొట్టలో తాకేలా వినిపిస్తే అదే సరైనది. ఆ యువకుడు అలా చేసి అరగంట తర్వాత మళ్లీ ఫోను చేశాడు. మాట్లాడలేదు, ఫోను దగ్గర పెట్టి వాయించి వినిపించాడు.

ఇక నేను దాటవేయవద్దన్న భాగం.

1966 నాటి అమెరికా యాంప్ రెండు పిన్నుల ప్లగ్‌తో పుట్టింది. ఎర్త్ తీగ లేదు. బదులుగా కరెంటు తీగల్లో ఒకదాని నుంచి యాంప్ లోపలి ఇనుప చట్రానికి (ఛాసిస్) ఒక 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపి, వెనుక గ్రౌండ్ స్విచ్ ఒకటి పెట్టారు. అక్కడి మరమ్మతుదారులు దానికి పెట్టిన పేరు మృత్యు కెపాసిటర్. అది లోపల షార్ట్ అయితే మీ గిటారు తీగల మీదికి మెయిన్స్ కరెంటు వస్తుంది. ఒక చేయి తీగల మీద, పెదవులు మైకు మీద ఉన్నప్పుడు అది ఏమి చేస్తుందో ఊహించండి. మీ యాంప్‌కు ఇప్పటికీ రెండు పిన్నుల ప్లగ్ ఉంటే, ఈ రోజు నుంచే దాన్ని వాడటం ఆపండి. మూడు తీగల కేబుల్ వేయించి, ఆ కెపాసిటర్ తీయించి వేయండి. దీనివల్ల పాత యాంప్ విలువ తగ్గుతుందని ఎవరైనా అంటే వినకండి.

అదే చేతితో పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు చూపించండి. అరవై ఏళ్ల నాటివి అలాగే ఉంటే అవి ఎండిపోయి ఉంటాయి. మంద్రం వదులుగా ఉందని మీరు అనుకుంటున్న దానిలో సగం వాటి పుణ్యమే కావచ్చు. సరైన విలువలవి కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే దొరుకుతాయి, కానీ తయారీ తేదీ, వోల్టేజి చూసి కొనాలి. మీరే విప్పవద్దు. ప్లగ్ తీసిన తర్వాత కూడా లోపల 400 వోల్టులకు పైగా నిలిచి ఉండే అవకాశం ఉంది.

తర్వాత స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. మీ యాంప్ మీద 117 వోల్టులు అని రాసి ఉంటుంది. మన దగ్గర 230 నుంచి 110, 230 నుంచి 120 అని రెండు రకాలు అమ్ముతారు. 110 రకమే తీసుకోండి. మన లైను కొన్ని వేళల్లో 250 వరకు ఎగబాకుతుంది, అప్పుడు కూడా 110 రకం దాదాపు 120 దగ్గరే ఆగుతుంది. రెండో రకం 130 చూపిస్తుంది, అది వాల్వులకు మంచిది కాదు. పైగా యాంప్ లోపలి అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ 60 హెర్ట్జ్ కోసం చుట్టినది, మన 50 హెర్ట్జ్ మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. సామర్థ్యం 500 వీఏ ఉండాలి. అమ్మే వాటిలో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే, వాటిలో కొన్నింటిలో ఎర్త్ ముందుకు వెళ్లదు. గోడ నుంచి యాంప్ వరకు ఎర్త్ తీగ తెగకుండా ఉందో లేదో మల్టీమీటర్‌తో చూపించుకోండి. నా దగ్గరికి వచ్చిన ఒక ఫెండర్ ప్రిన్స్‌టన్ యాంప్‌ను ఎవరో నేరుగా 230కి పెట్టారు. ఫ్యూజు పోయింది. ఫ్యూజు స్థానంలో తీగ చుట్టి మళ్లీ పెట్టారు. 1965 నాటి అసలు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆ వాసన నాకు ఇంకా గుర్తుంది.

అందుకే రెండో యాంప్‌ను అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకోవాలనే ఆలోచన మానండి. చాలా కొత్త యాంప్‌లలో వోల్టేజి మార్చే మీట ఉండదు. ఇక్కడే 230 వోల్టులది కొనండి. సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు, వాల్వులు మార్చుకోవచ్చు.

రెండు యాంప్‌లనూ ఒక గిటారుకు కలపగానే "మ్మ్" అని హమ్ వస్తుంది. రెండు ఎర్త్‌లూ కేబుల్ ద్వారా కలిసి వలయం ఏర్పడటమే కారణం. ఒక రికార్డింగ్ గదిలో ఈ హమ్ పోగొట్టడానికి ఒకరు ప్లగ్ ఎర్త్ పిన్నును కత్తిరించేశారు. హమ్ పోయింది. ఆ సాయంత్రం పాడటానికి వచ్చిన అమ్మాయికి మైకు దగ్గర షాక్ కొట్టి పడిపోయింది. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. ఎర్త్ పిన్ను ఎప్పుడూ తీయకండి. లోపల ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, ఫేజ్ స్విచ్ రెండూ ఉన్న ఎబివై పెట్టె (ఒక గిటారు సంకేతాన్ని రెండు యాంప్‌లకు పంచేది) కొనండి. హమ్మూ పోతుంది, పైన చెప్పిన స్పీకర్ తీగలు మార్చే పనీ తప్పుతుంది. రెండో యాంప్ బడ్జెట్‌లో దీన్ని కూడా కలిపి లెక్క వేసుకోండి.

రెండూ కలిపి వాయించేటప్పుడు నా అమరిక చెబుతాను, మీ చెవికి తగ్గట్టు మార్చుకోండి. డీలక్స్ వాల్యూమ్ మూడున్నర దగ్గర శుభ్రంగా, రివర్బ్ (ప్రతిధ్వని) మూడు. ఏసీ15 చీలడం మొదలయ్యే చోట, రివర్బ్ పూర్తిగా సున్నా. రెండింటిలోనూ రివర్బ్ తెరిస్తే మాట అర్థంకాని గుడి మైకులా తయారవుతుంది. రివర్బ్ ఫెండర్ చూసుకుంటుంది, వాక్స్ ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ సొంత గిటారు, సొంత కేబుల్ తీసుకువెళ్లండి. వీలైతే డీలక్స్‌ను కూడా కారులో వేసుకుని వెళ్లండి, దుకాణం వాళ్లు ఒప్పుకుంటారు. ఒంటరిగా విన్నప్పుడు నచ్చిన యాంప్ కాదు, మీ డీలక్స్ పక్కన మోగినప్పుడు రెండింటి గొంతులూ విడివిడిగా వినిపించే యాంప్ కొనండి. అది వాక్స్ కాకపోయినా నాకు అభ్యంతరం లేదు.

అంతకన్నా ముందు ఒకసారి మీ డీలక్స్ వెనక్కి వెళ్లి చూడండి. ప్లగ్‌కు ఎన్ని పిన్నులున్నాయి, గ్రౌండ్ స్విచ్ ఉందా, మీ స్టెప్ డౌన్ మీద ఏమి రాసి ఉంది? ఈ మూడూ ఇక్కడ రాయండి, మిగతాది ఆ తర్వాత మాట్లాడుకుందాం.